యుద్ధవ్యాసమును పరీక్షించుట ఎట్లు?

విజ్ఞానసర్వస్వమును తెఱచువాడు వాదించుటకై తెఱవడు. తెలియని విషయ మొకటి తెలిసికొని, పుస్తకము మూసి, తన పనికి తాను పోవును. నవల చదువువాడు కథకుని నమ్మనక్కఱలేదు. వార్తాపత్రిక చదువువాడు నేటి వార్తలో లోపమున్నచో రేపటి పత్రికలో సవరణకై చూడవచ్చును. విజ్ఞానసర్వస్వపు పాఠకుని కట్టి వెసులుబాటు లేదు. అందున్నది నిజమను నమ్మకముతోడనే ఆతడు దాని దగ్గఱకు వచ్చును. కావున అచ్చట దొరలిన పొరపాటు అచ్చటనే నిలువదు. పాఠ్యపుస్తకమున కెక్కును, ఉపన్యాసమున కెక్కును, కొన్ని యేండ్లకు అందఱెఱిగిన సత్యముగా చలామణి యగును.

తెలుగున ఈ భారమును మొదట తలకెత్తుకొన్నవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన ఆ చరిత్రకారులు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. 1923లో మరణించునాటికి వెలువడినవి మూడు సంపుటములు మాత్రమే. ఆ మూడింటితో అకారమును దాటుటయే కష్టమయ్యెను. తరువాత మదరాసున తెలుగు భాషాసమితివారు విషయముల ననుసరించియు, హైదరాబాదున సంగ్రహాంధ్ర విజ్ఞానకోశ సమితివారు అకారాదిక్రమముననుసరించియు సంపుటములను వెలువరించిరి. 2003లో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది మొదలు వ్రాయుపని పండితులకే పరిమితము గాక చదువరులందఱికిని అందుబాటులోనికి వచ్చినది. వ్రాయువారు పెరిగినప్పుడు పరీక్షించువారును పెరుగవలెను గదా! అందుచేత ఈ పరీక్ష యెట్టిదో సామాన్యపాఠకుడును తెలిసికొనుట యవసరము.

వ్యాసకర్తతో సమానమైన పరిచయము ఆ విషయమున గల మఱియొకరు వ్యాసమును పంక్తి పంక్తిగా చదివి, లోపములను వ్రాతమూలకముగా తెలియజేయుటయే తోటివారి పరిశీలన. లండనులోని రాయల్ సొసైటీవారు తమ పత్రికకు వచ్చు వ్యాసములను పరీక్షించుటకు 1752లో నొక సంఘము నేర్పఱచిరి. ఇది మనకు కొత్తదియు కాదు. పూర్వపక్షమును ముందుంచి, దానికి సమాధానము చెప్పి, ఆ పిమ్మటనే సిద్ధాంతమును నిలుపుట మన శాస్త్రగ్రంథములలో పరిపాటి. నేటి పరిశీలకుడు పూర్వపక్షమును వహించిన మిత్రుడు. వ్యాసమును ఓడించుట ఆతని కోరిక కాదు. రేపు పాఠకు డడుగబోవు ప్రశ్నను నేడే తా నడుగుట ఆతని పని.

శాస్త్రవ్యాసములకన్న యుద్ధవ్యాసముల పరీక్ష కష్టమైనది. యుద్ధమున రెండు పక్షము లుండును. రెండును తమ కథను వ్రాసికొనును. గెలిచినవారి కాగితములు భద్రముగా నుండును. ఓడినవారివి చెదరిపోవును. పక్షములేని పల్లెవాని మాట చాలసారులు కాగితమునకే యెక్కదు. సికిందరాబాదులో కూర్చుండి ఇట్టి వ్యాసమును పరీక్షింపవలసినవాడు ఉదాహరణకై దూరము పోనక్కఱలేదు. 1948 సెప్టెంబరులో ఈ నగరము ముంగిటనే ముగిసిన సైనికచర్య యున్నది. దానిపై నొక వ్యాసము మన చేతికి వచ్చినదని యనుకొందము.

ముందుగా కథ కొంత జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. 1947 నవంబరు 29న నిజాముకును భారత ప్రభుత్వమునకును యథాతథపు టొడంబడిక జరిగెను. సికిందరాబాదు దండులోని భారత సేనలు వెడలిపోయెను. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్ల బలము పెరిగెను. పల్లెలపై దాడులు సాగెను. తెలంగాణములో కమ్యూనిస్టుల నాయకత్వమున రైతుల సాయుధపోరాటము అంతకుముందే నడచుచుండెను. 1948 సెప్టెంబరు 13, సోమవారమునాడు తెల్లవారుజామున భారత సేనలు సంస్థానమున ప్రవేశించెను. ప్రధానదళము మేజర్ జనరల్ చౌదరి నడుపగా షోలాపురమునుండియు, మఱియొకటి మేజర్ జనరల్ రుద్ర నడుపగా విజయవాడనుండియు బయలుదేరెను. 17వ తేదీ సాయంకాలము నిజాము రేడియోలో కాల్పుల విరమణను ప్రకటించెను. 18న సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూసు, చౌదరికి లొంగిపోయెను.

ఇక వ్యాసము మొదటి పంక్తిలోనే పరిశీలకునికి పని తగులును. దీనికి పేరేమి? ప్రభుత్వమువారు దీనిని ‘పోలీసు చర్య’ యనిరి. సైనికుల కాగితములలో నిది ‘ఆపరేషన్ పోలో’. కొందఱికి విమోచనము, కొందఱికి విలీనము, మఱికొందఱికి ఆక్రమణము. 2022 సెప్టెంబరు 17న ఈ సికిందరాబాదు పరేడు మైదానమున కేంద్రప్రభుత్వము ఆ దినమును హైదరాబాదు విమోచన దినముగా జరిపెను. అదే దినమున రాష్ట్రప్రభుత్వము జంటనగరములలోనే వేఱొకచోట జాతీయ సమైక్యతా దినముగా జరిపెను. ఒకే దినమునకు ఒకే నగరమున రెండు పేరులు! ఇందు ఏది సరియో తేల్చుట విజ్ఞానసర్వస్వము పని కాదు. ఏ పేరు నెవరు వాడిరి, ఎందుకు వాడిరి యని చెప్పుట దాని పని. దండులు, విమానములు, టాంకులు పాల్గొన్న చర్యను పోలీసు చర్య యని యేల పిలిచిరో వివరింపక ఆ మాటను వాడిన వ్యాసకర్తను పరిశీలకుడు ఆపి యడుగవలెను. సంస్థానము వేఱు రాజ్యము కాదనియు, ఇది ఇంటిలోని శాంతిభద్రతల విషయమనియు చూపుట ఆ పేరులోని యాంతర్యము. ఆ సంగతి ఒక వాక్యమున చెప్పినచో పాఠకునికి పేరే ఒక పాఠమగును.

‘పోలో’ యను పేరునుగూర్చి యొక కథ ప్రచారములో నున్నది. హైదరాబాదులో పోలో యాట మైదానములు ఎక్కువగా నుండుటచే ఆ పేరు వచ్చినదట! వినుటకు ముచ్చటగా నున్నది. కాని ‘అట’ యను మాటకు విజ్ఞానసర్వస్వమున చోటు లేదు. పేరు పెట్టినవారి కాగితమో, దగ్గఱనుండి యెఱిగినవారి వ్రాతయో చూపనిచో, పరిశీలకుడు ఆ వాక్యము ప్రక్కన నొక ప్రశ్నార్థకము ఉంచును. ముచ్చటైన కథలపైననే ఎక్కువ అనుమాన ముండవలెను. వానిని ఎవరును పరీక్షింపక ముందుకు పంపుచుందురు.

తరువాత కాలగణన. ఈ చర్య నూట యెనిమిది గంటలలో ముగిసినదని కొందఱు, నాలుగు దినములని కొందఱు, అయిదు దినములని కొందఱు వ్రాయుదురు. వీరిలో నొకరు తప్పు చెప్పిరని తొందరపడరాదు. 13న తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలు పెట్టి 17న సాయంకాలము అయిదు గంటలకు ముగించినచో నూట తొమ్మిది గంటలగును. గంట అటునిటు కావచ్చును. తేదీలను లెక్కించినచో అయిదు దినములు. లొంగుబాటును కలుపుకొన్నచో ఆఱవ దినము. వ్యాసకర్త ఏ గడియనుండి యే గడియవఱకు లెక్కించెనో చెప్పినచో వివాదమే లేదు. చెప్పనిచో ఒకే వ్యాసములో పై పంక్తియు క్రింది పంక్తియు కలహించును.

కాలగణనకన్న సున్నితమైనది కారణనిరూపణము. జిన్నా 1948 సెప్టెంబరు 11న మరణించెను. 13న భారత సేనలు కదలెను. జిన్నా మరణించినందువలననే భారత ప్రభుత్వము ధైర్యము చేసెనని వ్రాయుట చాల సులభము, చాలమంది వ్రాసిరికూడ. అయితే రాష్ట్రమంత్రిత్వశాఖ కార్యదర్శి వి. పి. మేనన్ గారి కథనము ప్రకారము, సేనలను పంపవలెనను నిర్ణయము 9వ తేదీననే జరిగినది. 9న జరిగిన నిర్ణయమునకు 11వ తేదీ సంఘటన కారణము కాజాలదు. ముందు వెనుకలు కార్యకారణములు కావని తర్కశాస్త్రము చదివినవారెల్ల నెఱుగుదురు. అయినను చరిత్ర వ్రాయునపుడు ‘అందువలన’ యను చిన్నమాట కలమునుండి జారిపోవును. పరిశీలకుడు వ్యాసములోని ‘అందువలన’లనన్నిటిని ఎఱ్ఱసిరాతో గుర్తించి, ప్రతిదానికి ఆధార మడుగవలెను.

ఇక ఆధారముల సంగతి. ఈ చర్యనుగూర్చి గ్రంథములకు కొదువలేదు. మేనన్ గారి గ్రంథము 1956లో వెలువడెను. హైదరాబాదులో భారత ప్రతినిధిగా నుండిన కె. ఎం. మున్షీగారు తమ యనుభవములను 1957లో ప్రకటించిరి. నిజాము ప్రధానమంత్రి లాయక్ అలీ గ్రంథము 1962లో కరాచీనుండి వచ్చెను. రక్షణ మంత్రిత్వశాఖ చరిత్రవిభాగము సిద్ధపఱచిన ఆధికారిక చరిత్ర 1972లోను, పుచ్చలపల్లి సుందరయ్యగారి తెలంగాణ పోరాట గ్రంథము ఆ సంవత్సరముననే వెలువడెను. ఎద్రూసు స్మృతులును అచ్చయినవి. వీరందఱు చూచినవారే, పాల్గొన్నవారే, లేదా పాల్గొన్నవారి కాగితములు చేతనున్నవారే. అయినను వీరిలో నొక్కరును తీరమున నిలిచి ప్రవాహమును చూచినవారు కారు. మేనన్ గారి గ్రంథమొక్కటియే ఆధారముగా వ్రాసిన వ్యాసము మేనన్ గారి వ్యాసమే యగును. లాయక్ అలీ గ్రంథమొక్కటియే ఆధారముగా వ్రాసినది లాయక్ అలీ వ్యాసమగును. నిర్ణయము ఢిల్లీలో ఎట్లు జరిగెనో మేనన్ గారిని అడుగవలెను. నిజాము దర్బారులో ఏమి జరిగెనో లాయక్ అలీని అడుగవలెను. పల్లెలో ఏమి జరిగెనో వీరిద్దఱిని కాక మఱియొకరిని అడుగవలెను. ఏ సాక్షి ఏ విషయమున సాక్షియో తెలియుటయే పరిశీలకుని నేర్పు.

రేడియో ప్రసంగములకును ఇదే వర్తించును. నిజాము సెప్టెంబరు 17నను, మరల 23నను రేడియోలో మాటలాడెను. రెండవ ప్రసంగమున గడచిన దుర్గతికంతయు రజ్వీ వర్గమే కారణమని నిందించెను. ఆ మాటలు ఆతడు చెప్పుట చరిత్ర. కాని లొంగిపోయిన రాజు, గెలిచినవారి సేనలు వీధులలో నుండగా పలికిన పలుకులవి. ఆతడు చెప్పినదానికి ఆ ప్రసంగము సాక్ష్యము. జరిగినదానికి అది యొక్కటియే చాలదు.

ఇప్పుడు మిక్కిలి బరువైన భాగమునకు వత్తము. మరణించినవారెందఱు? మేనన్ గారి గ్రంథమున ప్రతిపక్షమున మరణించినవారు ఎనిమిదివందలకు కొంచెము మించిరని యున్నది. మఱికొన్ని రచనలలో రజాకార్లే వేయిమందికి మించి మరణించిరని కానవచ్చును. మఱియొక కాగితమున 27,000 నుండి 40,000 వఱకు ప్రాణములు పోయినవని యున్నది. ఇంత భేదము చూచి, వ్యాసకర్త తన కిష్టమైన సంఖ్యను గ్రహించి తక్కినవానిని వదలునేని, పరిశీలకు డంగీకరింపరాదు. మూడింటిని కూడి సగటు కట్టుటయు తగదు. అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: ఈ సంఖ్య దేనిని లెక్కించుచున్నది?

మొదటి రెండును ఆ కొలది దినములలో పోరాడి మడిసినవారి లెక్క. మూడవది అది కాదు. చర్య జరుగుచున్నప్పుడును, జరిగిన తరువాతను పల్లెలలో, పట్టణములలో చంపబడిన సామాన్యప్రజల యంచనా యది. ఆ ప్రజలలో అధికసంఖ్యాకులు ముస్లిములు. ఆ యంచనా చేసినవారు భారత ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు. 1948 నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వఱకు వారు సంస్థానమున తిరిగిరి. పదునాఱు జిల్లాలలో తొమ్మిదింటిని చూచిరి. తాము పోజాలని 109 గ్రామములనుండి వచ్చిన అయిదువందలమందికి పైగా జనులను విచారించిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలోనే పదునెనిమిదివేలకు మించి ప్రాణనష్టము కలిగెనని వారి తలపు. సర్దార్ పటేలు ఆ నివేదిక నంగీకరింపలేదు. దశాబ్దములపాటు అది ప్రజల కందలేదు. 2013 ప్రాంతమున ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చెను.

ఆ సంఖ్య తల లెక్క కాదు. విచారణపై నాధారపడిన యంచనా. ఆ సంగతి వ్యాసమున స్పష్టముగా నుండవలెను. అంచనాయే గదా యని దానిని వదలుటయు తగదు. ఎవరు అంచనా వేసిరి, ఎన్ని దినములు తిరిగిరి, ఎంత చూచిరి, ఎవ రంగీకరింపలేదు – ఈ నాలుగును వ్రాసినచో పాఠకుడే దాని బరువును తూచుకొనును.

ఇచ్చటనే తెలుగు వ్యాసములలో తఱచు కానవచ్చు వేఱొక లోపము బయటపడును. మనవారు తెలంగాణమును మాత్రమే చూచుదురు. విజయవాడ దారిలో కోదాడ, మునగాల, సూర్యాపేట వఱకు వర్ణన సమృద్ధిగా నుండును. సూర్యాపేటకడ మూసీ వంతెనను సంస్థాన సేనలు కూల్చుటయు నుండును. షోలాపురము దారి నాలుగు వాక్యములలో ముగియును. కాని ఆ సంస్థానమున తెలుగు జిల్లాలు ఎనిమిది, మరాఠీ జిల్లాలు అయిదు, కన్నడ జిల్లాలు మూడు. ప్రధానదళము నడచినది షోలాపుర మార్గముననే. మొదటి పోరాటము నల్‌దుర్గముకడ. సుందరలాల్ బృందము మిక్కిలి నష్టము జరిగెనని చెప్పిన నాలుగు జిల్లాలును నేడు మహారాష్ట్రమునను కర్ణాటకమునను ఉన్నవి. నేటి యెల్లలతో నాటి యుద్ధమును కొలిచినచో వేలకొలది మరణములు మన వ్యాసమునుండి సరిహద్దు దాటిపోవును. పరిశీలకుడు 1948 నాటి పటమును ముందుంచుకొని చదువవలెను.

కథ ఎచ్చట మొదలు, ఎచ్చట ముగింపు అనునదియు తీర్పు వంటిదే. సెప్టెంబరు 13న మొదలుపెట్టినచో రజాకార్ల దౌర్జన్యములు కానరావు. ఆగస్టు నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాను హత్యకు గుఱియయ్యెను. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామస్థులు తమ బురుజును ఆసరాగా జేసికొని రజాకార్లను, నిజాము పోలీసులను ఎదిరించి ఊచకోతకు గుఱియైరి. ఆ గ్రామమున మరణించినవారి సంఖ్యయు ఒక్కొక్క రచనలో ఒక్కొక్క విధముగా నున్నది. అచ్చటను పేరుపేరున లెక్క అడుగవలసినదే. సెప్టెంబరు 18తో ముగించినచో తరువాతి మరణములు కానరావు. తెలంగాణ రైతులపై అదే సైన్యము సాగించిన చర్యయు కానరాదు. ఆ సాయుధపోరాటము 1951 అక్టోబరు వఱకు నడచెను. పోరాటకాల మంతటిలో నాలుగువేలమంది కమ్యూనిస్టులు, రైతువీరులు మరణించిరని సుందరయ్యగారి లెక్క. ఇది పాల్గొన్న పక్షమువారి లెక్క యని చెప్పి యుదాహరింపవలెను. మొదలును తుదియు తన కనుకూలముగా త్రెంచుకొన్న వ్యాసములో ఒక్క యబద్ధమైన లేకపోయినను మొత్తముమీద అది యబద్ధమే యగును.

ఇక భాష. తెలుగు వ్యాకరణమున కర్త చాటుకు పోవుటకు సులభమైన మార్గములు కలవు. ‘గ్రామము తగులబడెను’, ‘పలువురు చంపబడిరి’, ‘ప్రాణనష్టము జరిగెను’ – ఈ వాక్యములలో తగులబెట్టినవాడు లేడు, చంపినవాడు లేడు. తెలియనిచో తెలియదని వ్రాయవచ్చును. తెలిసియు ఇట్లు వ్రాసినచో పరిశీలకుడు ప్రక్కన ‘ఎవరు?’ అని వ్రాయవలెను. ఈ ప్రశ్నను రెండు పక్షముల విషయమునను సమానముగా నడుగవలెను. రజాకార్లు చేసినదానికి కర్తను స్పష్టముగా చెప్పి, తరువాత జరిగినదానిని ‘అల్లరులు చెలరేగెను’ అని సరిపెట్టుట న్యాయము కాదు. తలక్రిందులుగా చేయుటయు న్యాయము కాదు. అట్లే ‘మన సైన్యము’ అను మాట. ఇంటిలో, సభలో ఆ మాట ముద్దు. విజ్ఞానసర్వస్వమున ‘మన’ యెవరు? ఆ పుట చదువువారిలో షోలాపురపువాడు నుండును, పాతబస్తీవాడు నుండును, నల్లగొండ రైతు మనుమడు నుండును. ‘భారత సైన్యము’ అన్నచో ముగ్గురికిని అర్థమగును.

పరిశీలకుడు తన్నుగూర్చియు తెలిసికొనవలెను. ఈ జంటనగరములలో ఆ సెప్టెంబరునుగూర్చి ఏదో యొక జ్ఞాపకము దాచుకొన్న యిండ్లు ఎన్నియో కలవు. ఒక యింట దీపములు పెట్టుకొన్న జ్ఞాపకము; ఒక యింట తలుపులు బిగించుకొన్న జ్ఞాపకము. అవి విలువైనవే. ఎవరు చెప్పిరి, ఎక్కడ నుండిరి, ఏ వయసున చూచిరి యని వ్రాసి భద్రపఱచినచో రేపటి చరిత్రకారునికి ఆధారములగును. కాని తన యింటి జ్ఞాపకమును కొలమానముగా గైకొని ఇతరుని వ్యాసమును దిద్దబూనుట తగదు. తన మనసు ఏ వైపున మొగ్గునో యెఱిగినవాడు ఆ వైపు వాక్యములనే రెండుమాఱులు పరీక్షించును.

చివరకు సూచనలు వ్రాయు తీరు. ‘వ్యాసము బాగుగా లేదు’ అనుట పరిశీలన కాదు. ‘బాగున్నది’ అనుటయు కాదు. తప్పని ఋజువైనవి వేఱుగా, ఆధారము కావలసినవి వేఱుగా, మార్చిన బాగుండునని తోచినవి వేఱుగా వ్రాయవలెను. ఏ పేరా, ఏ పంక్తి యని చూపవలెను. తాను చెప్పు సవరణకు తానును ఆధారము చూపవలెను. వ్యాసకర్తకు లేని మినహాయింపు పరిశీలకునికిని లేదు. వ్యాసకర్త సమాధానము సరియైనచో అంగీకరించి తన మాటను వెనుకకు తీసికొనవలెను. వ్యాసము వ్యాసకర్తదే. పరిశీలకుని పేరు పాఠకునికి తెలియకపోవచ్చును.

ఈ శ్రమ యంతయు దేనికి? ఒక యువకు డుస్మానాబాదున, మఱియొకడు బైరాన్‌పల్లిలో ఆ వ్యాసమును చదువునని యనుకొందము. ఇద్దఱి తాతలును ఆ సంవత్సరముననే, కొలది వారముల యెడముతో, వేఱువేఱు చేతులలో మరణించిరి. ఆ వ్యాసము ఇద్దఱిని సంతోషపెట్టజాలదు. కాని ఇద్దఱును తమ తాత మరణము దానిలో నున్నదని, ఉన్నది ఉన్నట్లే యున్నదని చెప్పగలిగినచో, పరిశీలకుడు తన పని చేసినట్లే.